టెక్ సందేహాలు: సీలు కొత్తదే, ఆయిల్ మాత్రం ఆగట్లేదు

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. పాలిష్ బండలు తోలే పికప్ ఉంది. వెనక ఎడమ చక్రం దగ్గర ఆయిల్ కారుతోందని రెండుసార్లు యాక్సిల్ సీలు (చక్రం తిప్పే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగు) మార్పించాను. రెండోది నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఈసారి వీడియోలు చూసి ఇంట్లోనే విప్పాను. షాఫ్ట్ బయటికొచ్చింది గానీ పాత సీలు స్క్రూడ్రైవర్‌కు లొంగట్లేదు. ఏ కంపెనీ సీలు కొంటే నిలుస్తుంది?

జవాబు: ఫోను వేడెక్కుతోంది, ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది అనే ఉత్తరాల మధ్య మీది కాస్త జిడ్డుగా వచ్చింది. సంతోషం. కంపెనీ సంగతి తర్వాత. రెండు కొత్త సీళ్లు వరసగా ఓడిపోయాయంటే నా అనుమానం సీలు మీద కాదు, దాని చుట్టూ ఉన్నవాటి మీద.

ముందు ఒక మాట. కారింది గేర్ ఆయిలేనా? చిక్కగా ఉండి గంధకం ఘాటు కొడితే అవును. పల్చగా ఉండి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంటే కారేది వీల్ సిలిండర్, అంటే చక్రం దగ్గర బ్రేక్ షూలను తోసే భాగం. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

గేర్ ఆయిలే అయితే మొదట బ్రీదర్ చూడండి. యాక్సిల్ గొట్టం పైన చిన్న టోపీలాగో, సన్నని రబ్బరు పైపుతోనో ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిల్, గాలి వేడెక్కుతాయి. వ్యాకోచించిన గాలికి అదే దారి. మీ ఊళ్లో బండలు కోసే దుమ్ము నీళ్లతో కలిసి గట్టిపడితే ఆ రంధ్రం పూడుకుపోతుంది. విజిల్ మూసుకుపోయిన కుక్కర్ పరిస్థితే. ఒత్తిడి ఎటు వీలైతే అటు, అంటే సీలు పెదవి (షాఫ్ట్‌ను ఆనుకునే రబ్బరు అంచు) కిందుగా ఆయిల్‌ను తోస్తుంది. రెండు వైపులా కారాలనేం లేదు, బలహీనమైన వైపే ముందు కారుతుంది. విప్పి కడిగి, నోటితో ఊదితే గాలి ఆడాలి. పైసా ఖర్చు లేని ఈ పని ఎందుకో అందరూ చివరికి వాయిదా వేస్తారు.

రెండోది షాఫ్ట్. సీలు పెదవి ఆనే చోట శుభ్రంగా తుడిచి, గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట. ఒక్కవైపే పదేపదే కారడానికి చాలాసార్లు ఇదే కారణం. పెదవిలో ఇరుక్కున్న దుమ్ము ఎమిరీ కాగితంలా ఉక్కును అరగదీస్తుంది. గాడి మీద ఎంత ఖరీదైన సీలు వేసినా అంతే. షాఫ్ట్ మీద తొడిగే పల్చని స్టెయిన్‌లెస్ స్లీవ్‌లు దొరుకుతాయి, మందం పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, కాబట్టి పాత సైజు సీలే సరిపోతుంది. స్లీవ్ దొరక్కపోతే, లోపల చోటుంటే, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చేయొచ్చు. లేత్ షాపులో వెల్డింగ్ కొట్టి తిప్పిస్తామంటారు. వద్దు. గట్టిపరిచిన ఉక్కు ఆ వేడికి గుణం మారుతుంది, లోడు మీద షాఫ్ట్ విరిగితే చక్రం ఎటు పోతుందో చెప్పలేం.

మూడోది బేరింగ్. అది అరిగితే షాఫ్ట్ అటూఇటూ ఊగి పెదవిని ఒకవైపే నొక్కుతుంది. చేత్తో తిప్పితే గరగరమంటే మార్చాల్సిందే. షాఫ్ట్ మీద బిగుతుగా ఎక్కించిన బేరింగ్ అయితే ఇంట్లో సుత్తి పట్టకండి, దాన్ని నొక్కి తీసే ప్రెస్ ఉన్న షెడ్డుకు ఇవ్వండి. బేరింగ్‌ను పట్టి ఉంచే కాలరు, అంటే ఇనుప ఉంగరం కూడా కొత్తదే వేయాలి.

ఇక మొండికేసిన సీలు. స్క్రూడ్రైవర్‌తో కుమ్మడం ఆపండి, హౌసింగ్ (సీలు కూర్చునే గూడు) గోడకు గీత పడితే ఆ గీత వెంబడే ఆయిల్ వస్తుంది. సీలు ఇనుప ముఖం మీద ఎదురెదురుగా రెండు చిన్న బెజ్జాలు వేయండి, 2 - 3 మి.మీ. చాలు. బిట్టు కొనకు గ్రీజు రాస్తే ఇనుప రజను దానికే అంటుకుంటుంది. లోతుకు దిగనీయకండి, వెనకే బేరింగ్ ఉండొచ్చు. బెజ్జాల్లో స్క్రూలు బిగించి, కటింగ్ ప్లేయర్‌తో ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగండి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. గ్యాస్ మంట మాత్రం చూపించొద్దు.

కొత్త సీలు మీద 35 52 8 లాంటి అంకెలుంటాయి: షాఫ్ట్ వ్యాసం, హౌసింగ్ వ్యాసం, మందం. డిజిటల్ వెర్నియర్‌తో షాఫ్ట్‌నూ, హౌసింగ్‌నూ కొలిచి పోల్చుకోండి, దుకాణదారు 'ఇదే సార్' అన్నా సరే. స్ప్రింగ్ ఉన్న ముఖం ఆయిల్ వైపుకే. పెదవికి గ్రీజు పూసి, సీలు బయటి వ్యాసానికి సరిపోయే పైపు ముక్క పెట్టి నెమ్మదిగా కొట్టండి. వంకరగా దిగితే తీసేసి ఇంకోటి వేయడమే. షాఫ్ట్ తోసేటప్పుడు దాని బరువు పెదవి మీద వాలకూడదు, ఒకరు కింద చెయ్యి ఆనించాలి. గేర్ ఆయిల్ ఫిల్లర్ బెజ్జం కింది అంచు వరకే, ఇంకాస్త పోస్తే మంచిదనుకోవద్దు. ఆయిల్ తాగిన బ్రేక్ షూలు పెట్రోలుతో కడిగితే పనికిరావు, రెండు వైపులా కొత్తవి వేయండి.

ఇదంతా చేసేటప్పుడు బ్రేక్ డ్రమ్ము ఊడి రావడం కోసం హ్యాండ్‌బ్రేక్ వదిలే ఉంటుంది, అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా కట్టెలు పెట్టండి. జాకీ కింద మందపాటి చెక్క, యాక్సిల్ కింద స్టాండు. బండలు తోలే ఊరు కదా అని బండల పేర్పు మీద బండిని నిలబెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి.

ప్రశ్న: కడప నుంచి. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ కొంటే ఇలాంటి లీకేజీ ముందే తెలుస్తుందా?

జవాబు: తెలియదు. అది ఇంజిన్ కంప్యూటర్ చెప్పేదే చూపిస్తుంది. మామూలు పికప్‌ల యాక్సిల్‌లో ఆయిల్ మట్టం కొలిచే సెన్సరే ఉండదు. ఆ డబ్బుతో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనండి. దూరం నడిపి ఆపగానే రెండు వెనక హబ్‌ల వేడి పోల్చండి. ఒకటి బాగా ఎక్కువుంటే అటు బేరింగో, పట్టేసిన బ్రేకో ఉన్నట్టు. మెరిసే లోహం మీద రీడింగు తప్పు వస్తుంది, మసి పట్టిన చోటో, నల్ల టేపు అంటించో చూడండి.