వేరు పెరగకముందే పన్ను చచ్చిపోయింది.. తీసేయాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. సంక్రాంతి సెలవుల్లో పతంగి ఎగరేస్తూ డాబా మెట్ల మీద పడ్డాడు. పైన ముందు పన్ను సగానికి విరిగింది. నొప్పి రెండు రోజుల్లో తగ్గింది, పాలపన్నే కదా, ఊడి మళ్లీ వస్తుందిలే అని ఊరుకున్నాం. ఇప్పుడు ఆ పన్ను బూడిద రంగుకు తిరిగింది. చిగురు మీద చిన్న పొక్కు లేచి అప్పుడప్పుడు చీము కారుతోంది. ఇక్కడి డాక్టర్ వేరు పూర్తిగా పెరగలేదు, రూట్ కెనాల్ కుదరదు, తీసేద్దాం అన్నారు. హన్మకొండలో ఇంకో డాక్టర్ పన్ను లోపలికి రక్తం రప్పించి వేరు పెంచే ప్రయత్నం చేయొచ్చన్నారు. ఇది నిజమేనా? స్టెమ్ సెల్ చికిత్స అంటే ఇదేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, పరకాల

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ పన్ను తీయించడానికి తొందరపడొద్దు. అది పాలపన్ను కాదు. పైన ముందు పళ్లు 7, 8 ఏళ్లకే కొత్తవి వచ్చేస్తాయి. ఇది పోతే మళ్లీ రాదు. పోనీ తీసేసి ఇంప్లాంట్ పెట్టిద్దామా అంటే దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే సుమారు 18 ఏళ్లు దాటేదాకా పెట్టరు. ఈలోగా పన్ను లేని చోట ఎముక కరిగిపోతూ ఉంటుంది. అందుకే ఈ వయసులో ఆ పన్ను నిలబడే ప్రతి ఏడాదీ లెక్కే.

పన్ను బయటికి కనిపించాక కూడా వేరు పూర్తి కావడానికి మరో రెండు మూడేళ్లు పడుతుంది. ఆ పని చేసేది పన్ను లోపలి గుజ్జు. అందులోని కణాలు లోపలివైపు నుంచి పొరపొరగా గోడ కడుతూ పోతాయి. దెబ్బకు గుజ్జు బయటపడి చచ్చిపోతే ఆ కట్టడం అక్కడికే ఆగిపోతుంది. మీ బాబు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. పెద్దవాళ్ల పంటి వేరు ముల్లంగిలా చివరికి సన్నబడుతుంది. మీవాడిది సన్నాయి మూతిలా తెరుచుకుని ఉంటుంది, రెండు వైపులా గోడలు పలచటి గీతల్లా కనిపిస్తాయి. మామూలు రూట్ కెనాల్ కుదరదన్నది ఇందుకే. నింపే పదార్థం ఆగడానికి వేరు చివర అడ్డు లేదు. మీ డాక్టర్ అంతవరకు చెప్పింది సరైనదే. కానీ అందుకని తీసేయడం ఒక్కటే దారి కాదు.

పాత పద్ధతిలో లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, నెలల తరబడి మారుస్తూ, చివర గట్టి పొర ఏర్పడేదాకా ఆగేవాళ్లు. ఆ మందు చాలాకాలం ఉంటే గోడలు పెళుసవుతాయి. తర్వాత ఎంటీఏ అనే సిమెంటు వచ్చింది. తడిలోనూ గట్టిపడుతుంది కాబట్టి ఒకటి రెండు సిట్టింగుల్లోనే వేరు చివర మూసేయొచ్చు. మంచి చికిత్సే, కానీ పలచటి గోడ పలచగానే ఉండిపోతుంది. రేపు చెరుకు గడ కొరికినా, ఆటలో మళ్లీ దెబ్బ తగిలినా చిగురు దగ్గర విరిగే భయం ఉంటుంది.

హన్మకొండ డాక్టర్ చెప్పింది మూడో దారి. రీవాస్క్యులరైజేషన్ అంటారు. గుజ్జు చచ్చినా వేరు చివర మెత్తటి కణజాలం చాలాసార్లు బతికే ఉంటుంది, దానికి రక్తం బయటి నుంచి అందుతుంది. వేరును పెంచగల మూలకణాలు (స్టెమ్ సెల్స్) అక్కడ ఉంటాయి. 2001లో జపాన్ వైద్యులు ఒక పన్నులో వేరు మళ్లీ పెరగడాన్ని చూపించారు. ఆ పన్నుకూ మీవాడిలాగే చిగురు మీద చీము దారి ఉంది. చీము పట్టింది కాబట్టి ఇక లాభం లేదనుకోకండి అని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

మొదటి సిట్టింగులో పన్ను తెరిచి, గోడలు గీకకుండా, తక్కువ గాఢత ఉన్న సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో మెల్లగా కడుగుతారు. మందు పెట్టి ఒకటి నుంచి నాలుగు వారాలు మూసేస్తారు. పొక్కు మానితేనే రెండో సిట్టింగు. మత్తు ఇంజెక్షన్లో మామూలుగా రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలుపుతారు. ఆ రోజు మాత్రం అది లేని మందే ఇస్తారు, ఎందుకంటే ఇక్కడ కావాల్సింది రక్తమే. సన్నటి సూదిలాంటి పరికరాన్ని వేరు చివర దాటించి కదిలిస్తే ఖాళీ గొట్టంలోకి ఎర్రగా రక్తం ఊరుతుంది. బాబు కొద్దిగా ఉలిక్కిపడొచ్చు, ముందే చెప్పి ఉంచండి. ఆ రక్తం గడ్డకట్టాక పైన ఎంటీఏ గానీ, అలాంటిదే మరో సిమెంటు బయోడెంటిన్ గానీ వేసి ఫిల్లింగ్‌తో మూసేస్తారు. ఆ గడ్డే కొత్త కణాలు అల్లుకునే పందిరి.

ఇక ఉన్నమాట చెప్పాలి. లోపల పెరిగేది ప్రతిసారీ అసలైన గుజ్జు కాదు. ఇలా బాగైన పళ్లను మైక్రోస్కోప్ కింద చూస్తే ఎక్కువగా వేరు పైపొర అయిన సిమెంటమ్‌లాంటి, ఎముకలాంటి కణజాలం కనిపించింది. చీము తగ్గడం, నొప్పి లేకపోవడం చాలామందిలో జరుగుతాయి. వేరు పొడవు పెరగడం మాత్రం అందరిలో జరగదు, దెబ్బ తగిలిన ముందు పళ్లలో ఇంకా తక్కువ. ఫలించకపోతే ఎంటీఏ దారి అప్పుడూ ఉంటుంది. అందుకే ముందు ఇది ప్రయత్నించమంటున్నాను. రంగు కొంత మారొచ్చు. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న మందు పెడితే ఆ అవకాశం ఎక్కువ, అది లేకుండా చేయమని అడగండి.

స్టెమ్ సెల్స్ గురించి అడిగారు. పైన చెప్పిన చికిత్సలో బయటి నుంచి ఏ కణాలూ ఎక్కించరు, పనిచేసేవి బాబు సొంత కణాలే. పాలపళ్ల నుంచి తీసిన కణాలను దెబ్బతిన్న పళ్లలో పెట్టిన ఫలితాలను చైనా వైద్యులు 2018లో ప్రచురించారు. అది పరిశోధన. స్టెమ్ సెల్స్ అంటూ ఎవరైనా లక్షలు అడిగితే కట్టకండి.

దెబ్బ తగిలిన రోజే గుజ్జు కొద్దిగా తీసి కప్పేసి ఉంటే మిగతాది చాలావరకు బతికే అవకాశం ఉండేది. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, బడిలో మిగతా తల్లులకు మీరే చెబుతారని.

ఈ వారంలోనే పిల్లల దంతవైద్యుల దగ్గరకో, రూట్ కెనాల్ నిపుణులైన ఎండోడాంటిస్ట్ దగ్గరకో వెళ్లండి. ఖర్చు భారమనిపిస్తే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించండి. బాబుకు గుండె జబ్బు ఉన్నా, ఏదైనా యాంటీబయాటిక్ పడకపోయినా ముందే చెప్పాలి. చికిత్స అయ్యాక ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు తప్పక ఎక్స్‌రే తీయించండి. వెళ్లేటప్పుడు పాత ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లండి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే వేరు పెరిగిందో లేదో తెలుస్తుంది.