బండి వైద్యం: ముల్లు పడిపోగానే ఇంజిన్ దించవద్దు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు కొన్న డీజిల్ జీపులో కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్‌కు వేస్తుంటాను. పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ 50 చూపిస్తుంది. మార్కెట్‌కు చేరి బండి ఆపేసరికి ముల్లు 10కి దిగువకు జారుతోంది. బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలంటున్నాడు మెకానిక్. దించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆయన మాట నిజమే కావచ్చు, కానీ అది కొలవకుండా చెప్పిన మాట. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది, ఐడిలింగులో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది. రెండూ కలిస్తే ముల్లు దిగక తప్పదు. పాత ఇంజిన్లకు వేడి మీద నిమిషానికి 1000 చుట్లకు సుమారు 10 పౌండ్ల (చదరపు అంగుళానికి) ప్రెషర్ ఉండాలన్నది షెడ్లలో వాడే మోటు లెక్క. యాక్సిలరేటర్ నొక్కితే ముల్లు ఎంతవరకు లేస్తోందో మీరు రాయలేదు. నాకు కావలసింది అదే. చురుగ్గా 40కి లేస్తే ఇంజిన్ మీద నాకు నమ్మకమే.

ముందు ఆయిల్ కడ్డీ తీసి చూడండి. మట్టం తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా చూడాలి. ఇంజిన్‌కు బిగించిన, డీజిల్ అందించే ఫీడ్ పంపులోని పల్చటి పొర (డయాఫ్రమ్) చిరిగితే, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి డీజిల్ దిగుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ నీళ్లలా జారుతుంది, వాసన పట్టిస్తుంది. అలా ఉంటే పంపు బాగుచేయించి ఆయిల్, ఫిల్టరు మార్చండి.

తర్వాత మీటరుకు సమాచారం పంపే సెండర్. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, అక్కడ టెర్మినళ్లకు పచ్చటి తుప్పు పడుతుంది. వైరు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దండి. సెండర్ మరకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఎర్త్ సరిగ్గా అందదు. గతుకుల్లో ముల్లు గెంతుతుంటే అనుమానం వైరింగు మీదే.

ఇవన్నీ అయ్యాక సెండర్ విప్పించి, ఆ రంధ్రంలో గొట్టంతో నేరుగా పనిచేసే గేజు బిగించమనండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగులో ఒకసారి, 2000 చుట్ల దగ్గర ఒకసారి చూసి, రెండు అంకెలూ రాసుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఇంజిన్ దించే మాట ఒప్పుకోవద్దు. చాలా కుటుంబాలకు ఆ ఖర్చు ఒక పంట డబ్బు.

గేజు కూడా తక్కువే చూపిస్తే ముందు ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు స్ప్రింగు, చాంబర్ విప్పి ఆయిల్ జల్లెడ, ఆయిల్ పంపు చూడాలి. ఆ తర్వాతే బేరింగులు. బేరింగు మీద రాగి రంగు తేలిందంటే మీ మెకానిక్ చెప్పిందే సరి. చిక్కటి ఆయిల్ పోసి ముల్లును లేపమని ఎవరైనా అంటే మాత్రం వినకండి. జబ్బు అలాగే ఉంటుంది, పైగా పొద్దున చల్లటి ఇంజిన్‌లో ఆ ఆయిల్ బేరింగుల దాకా అందడం ఆలస్యమవుతుంది.

ఈలోగా ముల్లు సున్నాకు పడి అడుగు నుంచి టక్ టక్ శబ్దం వస్తే అక్కడికక్కడే ఆపేయండి. ఇంటిదాకా నెట్టుకురావద్దు, లాగించుకు వెళ్లండి.

ప్రశ్న: లంకలో ట్రాక్టర్ వరద నీట మునిగింది. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంది. ఒకసారి స్టార్ట్ చేసి ప్రెషర్ చూడవచ్చా?

జవాబు: చూడవద్దు. సెల్ఫ్ కూడా కొట్టవద్దు, బ్యాటరీ వైరు తీసేయండి. సిలిండర్లలో నీరుంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆయిల్ మొత్తం దించి, ఇంజెక్టర్లు విప్పించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీరు బయటకు పోయేలా చేయించండి. కొత్త ఆయిల్, ఫిల్టరు వేశాకే స్టార్టింగు. కాసేపు నడిపాక ఆ ఆయిల్ కూడా తీసేసి మళ్లీ కొత్తది పోయించండి.