రెబెక్కా నిశానీ

తమ్ముడూ,

అమెరికాలో కెంటకీ అడవుల్లోకి దారి వేసిన వేటగాడు డేనియల్ బూన్ మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. చెయ్యి తిరిగింది నీకు, కాదనను, కానీ మొత్తం తుపాకీ పొగే. నలభై పేజీల్లో ఆయన భార్య రెబెక్కా కనిపించింది మూడుసార్లు, మూడుసార్లూ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తూనే ఉంది. 1756లో పెళ్ళి, పదిమంది పిల్లలు, వేటకని వెళ్ళిన మొగుడు నెలల తరబడి ఇంటికి రాడు, ఆవిడకి గుమ్మంలో నిలబడే తీరిక ఎక్కడిదయ్యా?

1778 సంగతే చూడు. చలికాలంలో బూన్ కొంతమందిని వెంటేసుకుని బ్లూ లిక్స్ ఊటల దగ్గరికి ఉప్పు వండటానికి వెళ్ళాడు. ఉప్పుని నువ్వు ఒక్క ముక్కలో దాటేసి, అక్కడి ఆదివాసీ తెగ షానీల యోధుల మీదికి దూకేశావు. ఉప్పు లేకపోతే వేటమాంసం నిలవుండదు, అది లేకపోతే బూన్‌వాళ్ళుంటున్న కోటలో పిల్లలకి తిండి లేదు. ఆ ఊటనీళ్ళలో ఉప్పు పలచన, కాగులకి కాగులు మరగబెడితే గానీ అడుగున కాస్త మిగలదు. పొయ్యి ఆరకుండా కట్టెలు కొట్టేవాడొకడు, నీళ్ళు మోసేవాడొకడు. వాళ్ళకి తిండి కోసం వేటకెళ్ళి, మంచు పడుతుంటే గుర్రం మీద మాంసం వేసుకుని వస్తూ పట్టుబడ్డాడు బూన్. తనవాళ్ళని కూడా తనే లొంగిపొమ్మని ఒప్పించాడు, ఎందుకంటే షానీలు కోట మీదికి వెళ్తే ఆపడానికి గోడలింకా పూర్తవలేదు. షానీల నాయకుడు బ్లాక్‌ఫిష్ ఆయన్ని దత్తత తీసుకుని షెల్టోవీ, అంటే పెద్ద తాబేలు, అని పేరు పెట్టుకున్నాడు. జూన్‌లో తప్పించుకుని, నాలుగు రోజుల్లో 160 మైళ్ళు పడుతూ లేస్తూ వచ్చి చూస్తే ఇంట్లో రెబెక్కా లేదు. చచ్చిపోయాడనుకుని పిల్లల్ని తీసుకుని నార్త్ కరోలినాలో తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. కోటలో మిగిలింది కూతురు జెమైమా. రెండేళ్ళ ముందు పడవలోంచి ఎత్తుకుపోతుంటే కొమ్మలు విరుస్తూ, మడమతో నేల నొక్కుతూ నాన్నకి ఆనవాళ్ళు వదిలిన పిల్ల. ఈ పిల్లకి నువ్విచ్చింది రెండు లైన్లు!

ఆ లొంగుబాటు మీద కోర్టు మార్షల్ జరిగింది, నిర్దోషి అన్నారు, పైగా మేజర్‌ని చేశారు. నువ్వు అక్కడితో ఊపిరి పీల్చుకున్నావు. మగాడు షానీల దగ్గర ఉండిపోయిన ఇంట్లో ఆ తీర్పు ఎలా వినపడి ఉంటుంది?

ఒకసారి నేనూ ఒక మాజీ సైనికుడి మీద రాశాను. తేదీలు, రెజిమెంటు, అన్నీ పక్కాగా. వాళ్ళ కూతురు చదివి, "యుద్ధాలన్నీ కరెక్టేనండీ, కానీ నాన్న రేడియో అమ్మింది గేదె కోసం కాదు, నా కాలేజీ ఫీజుకి" అంది. నాకు ఒళ్ళు చచ్చిపోయింది.

ఇంకోటి. బూన్ "నేను" అంటూ చెప్పినట్టున్న మాటలు గుమ్మరించావు. అవి 1784లో ఫిల్సన్ అనే ఆయన తన పుస్తకంలో రాసినవి, ఆ డాబుసరి భాష ఆయనది. దానికన్నా 1851లో డ్రేపర్ అనే చరిత్రకారుడు మిస్సోరీ వెళ్ళి చిన్నకొడుకు నేథన్‌నీ, కోడలు ఆలివ్‌నీ కూర్చోబెట్టి రాసుకున్న కాగితాలు చూడు. డ్రేపర్ బూన్ జీవితచరిత్ర పూర్తిచెయ్యకుండానే పోయాడు, అది వేరే కథ. రెబెక్కా మాట మాత్రం ఎక్కడా దొరకదు, ఆవిడకి రాయడం రాదు, దస్తావేజు మీద నిశానీయే. ఆ ఖాళీని నీ సొంత డైలాగులతో నింపకు.

పెద్దకొడుకు జేమ్స్ 1773లో చనిపోయాడు, ఇంకో కొడుకు ఇజ్రాయెల్ 1782లో అదే బ్లూ లిక్స్ దగ్గర. రెండు చావులకీ నువ్వు వాడింది ఒకటే వాక్యం, "గుండె రాయి చేసుకున్నాడు". కొట్టెయ్. "ఖాళీ అడవి" అన్నచోట కూడా. షానీలు వేటాడుకునే నేల ఖాళీ ఎలా అవుతుంది? బూన్ దగ్గర బానిసలున్నారన్న సంగతీ దాచకు. చివర్లో భూముల పట్టాల గొడవ మాత్రం బాగా సాగదియ్యి. దారి వేసినవాడికే సరైన కాగితాల్లేక, ఒక్కొక్క భూమీ జారిపోయి, 1799లో అరవై దాటాక మళ్ళీ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మిస్సోరీకి మకాం. సర్వేలూ వ్యాజ్యాలూ మన పాఠకుడికి తెలిసినవే, విడమరచి చెప్పక్కర్లేదు.

ఉప్పు కాగుల దగ్గర మొదలెట్టి మొదటి పది పేజీలు మళ్ళీ పంపు. ఆ రకూన్ తోలు టోపీ తీసెయ్. ఆయన పెట్టుకున్నది మామూలు ఫెల్ట్ టోపీ.