ఓణీకి లైట్లు కుట్టుకుంటానన్న అమ్మలూకి

అమ్మలూ,

అక్క సంగీత్‌కి ఓణీ అంచున లైట్లు వెలిగేలా నువ్వే కుట్టుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటూ ఇంట్లో అందరి జాకెట్లూ కుట్టినదాన్ని, ఈ రెండూ కలిసే పనంటే నాకు ప్రాణం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందే బోర్డు కొనేయకు. నువ్వడిగిన లిలీప్యాడ్, అంటే లైట్లు ఎప్పుడెలా వెలగాలో ప్రోగ్రాం రాసి పెట్టుకునే చిన్న బోర్డు, మంచిదే. లేయా బ్యూక్లీ అనే ఆవిడ రూపొందిస్తే, అమెరికాలోని స్పార్క్‌ఫన్ కంపెనీ 2007లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. గుండ్రంగా ఉంటుంది, అంచు చుట్టూ రంధ్రాలుంటాయి, సోల్డరింగ్ (లోహం కరిగించి అతికించడం) లేకుండా దారంతోనే కుట్టేయొచ్చు. కానీ లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలగాలన్నా, నువ్వు తిరిగినప్పుడు మెరవాలన్నా దాని అవసరం. ఊరికే వెలగడానికి నాలుగు ఎల్‌ఈడీలు, సీఆర్ 2032 బటన్ సెల్ ఒకటి, దాన్ని పెట్టుకునే హోల్డరు, కరెంటు పారే స్టీలు దారం చాలు. ఈ పనిలో కష్టమంతా కుట్టులోనే ఉంది. కుట్టు వదులైతే ఎంత ఖరీదైన బోర్డు పెట్టినా లైటు ఆరిపోతుంది.

హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే దారం తప్ప మిగతావన్నీ దొరుకుతాయి. దారం ఆన్‌లైన్‌లో తెప్పించుకో. వెండి పూత దారం కూడా ఉంటుంది, మెత్తగా కుట్టుకు బాగుంటుంది కానీ కొన్నాళ్ళకి నల్లబడుతుంది. నీకు స్టీలుదే మేలు. కరెంటు పారుతోందో లేదో చూసే మీటరు, ఒక చిన్న మల్టీమీటర్ మాత్రం తప్పకుండా కొను. ఎందుకో చెబుతాను.

నీ ఓణీకి జరీ అంచుంది కదా. మీటర్‌ని బీప్ వచ్చే సెట్టింగ్‌లో పెట్టి, రెండు మొనలూ జరీ పోగు వెంబడి ఓ రెండంగుళాల ఎడంలో ఆనించి చూడు. రెండు మూడు చోట్ల చూడు. బీప్ వచ్చిందంటే ఆ జరీలో నిజంగానే వెండో రాగో ఉన్నట్టు. అప్పుడు నీ ప్లస్ కుట్టూ మైనస్ కుట్టూ రెండూ ఆ జరీని తాకాయంటే షార్టే, అంటే కరెంటు లైట్లలోంచి కాకుండా అడ్డదారిన పోతుంది. లైటు వెలగదు, సెల్ వేడెక్కి అయిపోతుంది. ప్లాస్టిక్ జరీ అయితే సాధారణంగా మోగదు. అన్నట్టు, 1990లలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్‌లో మ్యాగీ ఓర్త్, రెహ్మీ పోస్ట్ వాళ్ళు బట్టలోనే సర్క్యూట్లు చేయడం మొదలుపెట్టినప్పుడు వాడింది లోహపు రేకు చుట్టిన పట్టు పోగులతో నేసిన ఆర్గంజా అనే పలచటి బట్ట. అలాంటి నేత మన దేశానికి ఎప్పటినుంచో తెలుసు. నాకు అది తలుచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

జరీతో ఆ షార్ట్ భయం ఉంది కాబట్టి ఓణీ మీద నేరుగా కుట్టొద్దు. మంగళగిరి కాటన్ లాంటి గట్టి నేత బట్ట రెండంగుళాల వెడల్పు పట్టీగా కత్తిరించి, లైట్లన్నీ దాని మీద కుట్టి, ఆ పట్టీని ఓణీ లోపలివైపు టాకాలు వేసుకో. పలచటి బట్టలోంచి వెలుగు మెత్తగా కనబడుతుంది. ఉతికేటప్పుడు పట్టీ విప్పేస్తే సరి.

ముందు పట్టీ మీద పెన్సిలుతో గీసుకో. పైన ప్లస్ గీత, కింద మైనస్ గీత, మధ్యలో అంగుళం ఎడం, ఆ రెంటికీ నిచ్చెన మెట్ల లాగా ఎల్‌ఈడీలు. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. ముక్కు గుండ్రంగా ఉండే ప్లయరుతో పొడుగు కాలిని గుండ్రంగా, పొట్టి కాలిని నలుపలకగా చుట్టెయ్. వంచాక ఏ కాలు ఏదో తెలియక కంగారుపడక్కర్లేదు. సూదిని ఆ చుట్టలోంచి మూడు నాలుగుసార్లు బిగించి తీసి, తర్వాతి లైటు దాకా చిన్న చిన్న రన్నింగ్ కుట్టు వెయ్యి. స్టీలు దారం ముడి నిలవదు, తనంతట తనే ఊడొస్తుంది. ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ చుక్క వేసి, ఆరాక కొస దగ్గరగా కత్తిరించు. పొడుగ్గా వదిలేసిన కొస పక్క గీతకి తగిలిందంటే మళ్ళీ షార్ట్. ప్రతి లైటు కుట్టగానే సెల్ పెట్టి చూసుకో. అన్నీ అయ్యాక చూస్తే తప్పెక్కడో వెతకలేక ఏడుపొస్తుంది.

లైట్లన్నీ ఒకే రంగువి తీసుకో. ఎరుపుకి సుమారు 2 వోల్టులు చాలు, తెలుపుకీ నీలానికీ 3 దాకా కావాలి. కలిపి కుట్టావంటే కరెంటంతా ఎరుపే లాగేసుకుంటుంది, తెలుపు వెలగదు. సెల్ ఇచ్చేది మూడే వోల్టులు, పైగా ఈ దారం రాగి తీగ కాదు, అడుగుకి పది ఓమ్‌లో అంతకన్నా ఎక్కువో కరెంటుకి అడ్డుపడుతుంది. అందుకే సెల్‌ని పట్టీ మధ్యలో పెట్టు, చివరి లైట్లు వెలవెలబోవు. స్విచ్ కోసం వెతక్కు, జాకెట్లకి కుట్టే లాంటి హుక్కొకటి పట్టీకి కుట్టు, అదే స్విచ్. సెల్ ప్లస్ నుంచి ప్లస్ గీతకి వెళ్ళే కుట్టుని ఒకచోట తెంపి, ఒక కొసని హుక్కుకీ రెండో కొసని దాని లోహపు కన్నుకీ కుట్టు. తగిలిస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. హుక్కుకి రంగు పూత ఉంటే గీకెయ్.

పట్టీ ఒంటికి తగిలే వైపు కాటన్ లైనింగ్ తప్పనిసరి. డాన్స్ చేస్తే చెమట పడుతుంది, చెమటలో ఉప్పుంది, దానిలోంచీ కరెంటు పారుతుంది. ఉతికే ముందు సెల్ తీసెయ్యి, చేత్తో ఉతుకు, బాగా ఆరాకే మళ్ళీ పెట్టు. లైట్లు ఎక్కువ కావాలని లిథియం పాలిమర్ బ్యాటరీ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. అది షార్టయితే మంటలు రావచ్చు, అదీ ఒంటి మీద.

ఇంకొక్కటి, ఇది నా మాటగా గట్టిగా పట్టుకో. పెళ్ళింట్లో చిన్నపిల్లలుంటారు. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మూత స్క్రూతో బిగించే హోల్డరే కొను, వాడేసిన సెల్‌ని టేపు చుట్టి పక్కన పెట్టు. మింగారని అనుమానమొచ్చినా సరే, క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పట్టీ మీద గీసిన బొమ్మ ఫోటో తీసి ముందు నాకు పంపు. చూశాకే సూది పట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ