మేడ మీది టీవీలో సినిమా ఆగి ఆగి వస్తుంటే

ప్రశ్న: మాది హనుమకొండలో మేడ ఉన్న స్లాబు ఇల్లు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. రూటర్ కింద హాల్లో, వీధి గుమ్మం దగ్గర, ఇనుప బీరువాకూ గోడకూ మధ్యనున్న అరలో పెట్టారు. పై గదిలోని టీవీలో రాత్రి 9 గంటలకు ఏం పెట్టినా ఆగి ఆగి వస్తోంది. రూటర్ పక్కన నిలబడి ఫోనులో చూస్తే మాత్రం వేగం 90 దాటుతోంది. 200 ప్లానుకు మారమని కొందరు, రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనమని కొందరు చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి ఇప్పుడే ఏదీ కొనకండి. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 ఎంబీపీఎస్ చాలునని నెట్‌ఫ్లిక్స్ సంస్థే చెబుతోంది కాబట్టి, మీరు కట్టే 100లో ఆరో వంతు టీవీ దాకా చేరినా సినిమా ఆగకూడదు. రూటర్ పక్కన తీసిన లెక్క రూటర్ దాకా వచ్చే వేగాన్నే చెబుతుంది; మనకు కావలసింది టీవీ దగ్గర లెక్క. టీవీలోని యూట్యూబ్‌లో, వీడియో నడుస్తుండగా సెట్టింగ్స్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ ఆన్ చేస్తే కనెక్షన్ స్పీడ్‌తో పాటు బఫర్ హెల్త్ (టీవీ ముందుగా దింపి ఉంచుకున్న వీడియో ఎంతసేపటిదో) సెకన్లలో కనిపిస్తుంది. ఆ సెకన్లు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరినప్పుడే బొమ్మ ఆగుతుంది. అదే రాత్రి 9 గంటల వేళ ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు తగిలించి వేగం చూడండి. అక్కడే 10, 15కు పడిపోతుంటే లోపం కనెక్షన్ వాళ్లది. తేదీ, సమయం, వేగం రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. అక్కడ 90 ఉండి పైన 4 వస్తుంటే, దారిలో వైఫై నీరసించిపోతోందని అర్థం. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం దీని మీదే.

వైఫైకి లోహం పెద్ద అడ్డంకి, ఇనుప చువ్వలు పరిచిన స్లాబు కూడా అంతే. మీ రూటర్ సిగ్నల్ ముందు బీరువాను, తర్వాత స్లాబును దాటాలి. ఫోనులో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని టీవీ పక్కన నిలబడి చూడండి: సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం (ఆ బలానికి కొలత) లేదా అంతకంటే సున్నాకు దగ్గరగా ఉంటే వీడియోకు ఢోకా లేదు, మైనస్ 80 దగ్గరుంటే కష్టం. రూటర్‌ను అరలోంచి తీసి మెట్ల దగ్గర, తలెత్తు ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండేలా పెట్టించండి. ఫైబర్ తీగ పొడవు చాలకపోతే కనెక్షన్ వాళ్లనే పిలవాలి. ఆ తీగను మడత పడేలా వంచితే లోపలి గాజు పోగు విరుగుతుంది.

రాత్రిపూటే ఎక్కువగా ఆగడానికి ఇరుగుపొరుగు రూటర్లు కూడా కారణం కావచ్చు. వైఫై వాడే రేడియో పట్టీలలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే కాబట్టి, వీటిలో రద్దీ తక్కువున్నదాన్ని ఎంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ, కానీ గోడలనూ స్లాబునూ దాటే శక్తి తక్కువ. పైగా చౌక టీవీలు చాలావాటికి అది అందదు.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే, మెట్ల గోడ వెంట పైకి ఒక క్యాట్ 6 కేబుల్ (ల్యాన్ కేబుల్‌లో ఒక రకం) లాగించండి. 100 మీటర్ల వరకు అది నిశ్చింతగా పనిచేస్తుంది. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దూర్చనివ్వకండి. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కు మించదు, అయినా వీడియోకు అది ఎక్కువే. చౌక రిపీటర్ ఒకే రేడియోతో సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపుతుంది కనుక వేగం దాదాపు సగమవుతుంది. బలహీనమైన సిగ్నల్ ఉన్నచోట పెడితే ఆ బలహీనతనే ముందుకు పంపుతుంది. కొనక తప్పకపోతే దాన్ని టీవీ పక్కన కాకుండా మెట్ల మలుపులో పెట్టాలి.

ప్రశ్న: నెట్ ప్లానుతో పనిలేని, ఫోనులో దాచుకున్న పెళ్లి వీడియోను వైఫై ద్వారా టీవీకి పంపినా ఎందుకు తడబడుతోంది?

జవాబు: ఆ వీడియో ఫోను నుంచి రూటర్‌కు, అక్కడి నుంచి టీవీకి వెళుతుంది. రెండు ప్రయాణాలూ ఒకే ఛానల్‌లో జరిగితే గాలిలో దానికి రెట్టింపు సమయం పడుతుంది. పైగా కెమెరా వాళ్లిచ్చే అసలు ఫైలు నెట్‌లో వచ్చే సినిమాలా కుదించినది కాదు, చాలా బరువుగా ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ యూఎస్‌బీకి పెట్టుకోండి.