ఎకరానికి మూడు బస్తాలు పెరిగితే మందు పనిచేసినట్టేనా?

ప్రశ్న: రెండెకరాల్లో వరి వేశాను. దిగుబడి పెంచుతుందన్న ద్రావణాన్ని కాలువ పక్క ఎకరంలో పిచికారీ చేస్తే 34 బస్తాలు వచ్చాయి. చేయని ఎకరంలో 31 బస్తాలే. వచ్చే పంటకు మొత్తం పొలానికి కొనమంటారా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇప్పుడే కొనకండి. మందు పనిచేయలేదని నేను అనడం లేదు, పనిచేసిందో లేదో ఈ లెక్కతో తేలదు. కాలువ పక్క ఎకరానికి నీరు ముందు అందుతుంది, ఒండ్రు కూడా అక్కడే ఎక్కువ దిగుతుంది. ఏ మందూ కొట్టని ఏడాదుల్లో ఆ రెండెకరాలకూ ఎంత తేడా వచ్చేదో గుర్తు చేసుకోండి.

వచ్చే పంటలో పొలాన్ని ఎనిమిది సమాన మడులు చేసి, నంబర్లు వేసి, చీట్లు రాసి, ఇంట్లో పిల్లలతో నాలుగు తీయించండి. ఆ మడులకే మందు. మిగిలిన వాటికి అదే రోజు ఉత్త నీళ్లు పిచికారీ చేయండి. బాగున్న మడులను మీరే ఎంచుకుంటే పరీక్ష అక్కడే చెడుతుంది. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ పొలం పరీక్షల్లోకి ఈ చీట్ల పద్ధతి తెచ్చింది ఇందుకే.

కోతప్పుడు గట్ల పక్క వరుసలు వదిలి, ప్రతి మడి నడుమ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి విడిగా కోయండి. నూర్చి, అన్నిటినీ ఒకే తేమకు ఆరబెట్టి తూయండి. ఈ 25 చదరపు మీటర్లలో కిలో తేడా అంటే ఎకరానికి 162 కిలోలు, 75 కిలోల బస్తాలైతే రెండింటికి పైనే! తాడు ఒక వైపు అడుగు ఎక్కువైతే చాలు, దాదాపు కిలో ధాన్యం అదనంగా పడుతుంది. ఎలుకలు కొట్టిన మడిని లెక్కలోంచి తీసేయదలిస్తే తూకానికి ముందే తీసేయండి, అంకె చూశాక కాదు.

మందు మడుల్లో 14.2, 17.1, 15.0, 16.5 కిలోలు, నీళ్ల మడుల్లో 14.8, 16.2, 13.6, 15.8 కిలోలు వచ్చాయనుకుందాం. సగటులు 15.7, 15.1. తేడా 0.6 కిలో. కానీ మందు తగలని మడుల మధ్యనే 2.6 కిలోల దాకా తేడా ఉంది. ఇంత హెచ్చుతగ్గుల్లో ఆ 0.6ను మందు ఖాతాలో వేయలేం. నాలుగు మందు మడులూ నీళ్ల మడులన్నిటినీ మించితే మాట వేరు. మందులో ఏమీ లేకపోయినా చీట్ల పుణ్యాన అలా జరిగే అవకాశం 70లో ఒకటే.

అప్పుడు కూడా పెరిగిన ధాన్యం విలువ మందు ధరను, పిచికారీ కూలిని మించితేనే కొనండి.