మన ఆచారమే, కానీ పిల్లకు ఇష్టం లేదు

ప్రశ్న: మా అమ్మ తన సొంత మేనమామనే పెళ్లి చేసుకుంది. మావారిది జైపూర్. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి 'మేనమామ తండ్రితో సమానం, ఇది పాపం' అంటున్నారు. ఇప్పుడు మా తమ్ముడికి అక్క కూతుర్ని ఖాయం చేశారు. 19 ఏళ్ల పిల్ల. 'నాకిష్టం లేదు పిన్నీ' అని ఫోన్‌లో ఏడ్చింది. ఇంట్లో 'మన ఆచారం' అంటున్నారు. తప్పొప్పులు ఊరిని బట్టి మారతాయా? మారేవైతే ఏ ముఖంతో అడ్డుపడను?

జవాబు: మేనమామను చేసుకున్నందుకు మీ అమ్మగారు పాపం చేసినట్టు కాదు. దానికి మీరు సిగ్గుపడకండి. మీవారు పెరిగినచోట మేనమామ పిల్లలు కూడా అన్నాచెల్లెళ్లే. మనకు బావ, మరదలు అన్న పిలుపులోనే వరస ఉంది. అదే చిన్నాన్న కూతురితో పెళ్లంటే మనమూ చెవులు మూసుకుంటాం. ఆయనకు ఈ పోలిక చెప్పి చూడండి. ఇది పాత తగవే. దక్షిణాదివాళ్లు మేనమామ కూతుర్ని చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రం అనే ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం రాసింది. ఒకచోటి ఆచారం ఇంకోచోట దోషమనే వాదాన్నీ, దాన్ని ఒప్పుకోని గౌతముడనే మరో ధర్మశాస్త్రకారుడి మాటనూ పక్కపక్కనే పెట్టింది.

1955 హిందూ వివాహ చట్టం కూడా ఇలాంటి దగ్గరి బంధుత్వాల్లో పెళ్లి వద్దంటూనే, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. బలవంతంగా ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడిగే వీలు కూడా అదే చట్టంలో ఉంది. అక్కడ ఆచారం పేరుతో ఏ మినహాయింపూ లేదు. నేనూ ఆ గీత దగ్గరే నిలబడతాను. ఎవరు వరస అవుతారన్నది ఊరిని బట్టి మారుతుంది. ఏడుస్తున్న పిల్లకు తాళి కట్టడం జైపూర్‌లోనూ తప్పే, గుంటూరులోనూ తప్పే.

ఇంట్లో జబ్బుల మాటతో మొదలుపెట్టకండి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఒకటే కాబట్టి, పుట్టే పిల్లలకు తలసీమియా లాంటివి వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. కానీ టెస్టులు చేయించి, రిపోర్టులు బాగున్నాయంటూ ముహూర్తం పెట్టేస్తారు. పిల్ల ఇష్టం సంగతి మళ్లీ మరుగున పడుతుంది.

ముందు తమ్ముడితో ఒంటరిగా మాట్లాడండి. ఆ పిల్ల ఏడ్చిందని అతనికి తెలియకపోవచ్చు. అతనే వద్దంటే సగం టెన్షన్ తీరుతుంది. అయితే ముందుగా పిల్లను అడిగి, తను సరేనన్నాకే చెప్పండి. మీవారితో మాత్రం ఇప్పుడే అనకండి, 'నేను చెప్పలా' అంటూ మళ్లీ మీ అమ్మ మీదికే వెళ్తారు.

తర్వాత అమ్మ పక్కన కూర్చుని, 'ఆ రోజు నిన్నెవరైనా అడిగారా' అని నెమ్మదిగా కదపండి. ఆవిడ ఏం చెప్పినా ఓపిగ్గా వినండి. అక్కతో మాట్లాడేటప్పుడు అమ్మను కూడా పక్కన ఉండమనండి.